పెద్దకోడలి గుండెనొప్పి

మా గుండెజబ్బుల విభాగానికి పెద్దాయన రామానుజయ్య గారు. శిష్యులు ఏదైనా అడిగితే ఆయన వాదనకు దిగరు, పుస్తకం తెరవరు. లేచి, అడిగినవాణ్ణి వెంటబెట్టుకుని రోగి మంచం దగ్గరికి నడుస్తారు. ఆ రోజు అడిగినవాడు కిరీటి.

"గురువుగారూ, యాంజియోగ్రాంలో నాళాలు శుభ్రంగా ఉన్న మనిషికి మళ్లీ ఎమ్మారై దేనికండీ?"

అడిగింది వైద్యమే గాని, అడిగించింది కడుపుమంట. యాంజియోగ్రాం చెయ్యడంలో కిరీటిది అందెవేసిన చెయ్యి. ఎమ్మారై బొమ్మలు చదివే పనిని మాత్రం పెద్దాయన అతనితోపాటు చదువుకుంటున్న నస్రీన్‌కి అప్పగించారు. అప్పటినుంచి ఆ పిల్ల పేరు వింటే చాలు, కళ్లలో నిప్పులు పోసుకునేవాడు. అది మాకందరికీ తెలుసు, పెద్దాయనకు తెలియదనుకున్నాం.

కిరీటి ఇంటికి పంపేద్దామంటున్న మనిషి వరహాలమ్మ. వాళ్లింట అమ్మవారి పండక్కి ఘటం ఎత్తేది ఎప్పుడూ పెద్దకోడలే. ఈ ఏడు అత్తగారు ఆ ఘటాన్ని చిన్నకోడలి నెత్తిన పెట్టింది. వరహాలమ్మ డప్పుల మధ్యే గుండె పట్టుకుని కూలిపోయింది. రక్తపరీక్షేమో గుండె దెబ్బతిన్నదంటోంది. నాళాల్లో చూస్తే ఎక్కడా అడ్డు లేదు. కిరీటి రక్తపరీక్షను పక్కనబెట్టి, గ్యాస్ నొప్పి అని తేల్చేశాడు.

పెద్దాయన అతన్ని ఆమె మంచం దగ్గరికి తీసుకెళ్లి, "ఆ మాటేదో నువ్వే చెప్పు" అన్నారు.

చెప్పాడు. మొగుడు అప్పలనాయుడు వెంటనే అందుకున్నాడు. "నాను సెప్పనేదా? రోగమూ నేదు, రొష్టూ నేదు. తోటికోడలి మీద కుళ్లు. లెగు, ఇంటికి పోదాం."

వరహాలమ్మ లేవలేదు. "కుళ్లు నిజిమే బాబూ," అంది కిరీటితో. "ఇన్నేళ్లూ నానెత్తిన ఘటం దానికిచ్చేసినారు, కుళ్లుకోనా? నొప్పి కూడా నిజిమే. ఇంటికెల్తే సచ్చిపోతానని బయ్యమేస్తంది."

పెద్దాయన ఆమెను ఎమ్మారైకి పంపించారు. నస్రీన్ పక్కన నిలబడి చూడమని కిరీటినీ పంపారు, పాపం. తెర మీద గుండె కండరం నల్లగా ఉంది, ఒక మూల మాత్రం తెల్లటి మచ్చ. నస్రీన్ నెమ్మదిగా చెప్పింది. నాళం ఒక్కసారిగా బిగుసుకుపోయి, తర్వాత వదులై ఉంటుంది, అందుకే యాంజియోగ్రాంలో శుభ్రంగా కనిపించింది, ఈలోగా నెత్తురందక కొంత కండరం చచ్చిపోయింది, ఇది గుండెపోటే, మందుల్లేకుండా పంపేస్తే మళ్లీ రావచ్చు అని.

ఒక ప్రాణం దక్కిందని సంతోషించాల్సిన చోట, ఆ మాట చెప్పింది ఈమె కాకుంటే బాగుండునని కిరీటి మొహం చెబుతూనే ఉంది.

అప్పలనాయుడు సంగతి తెలిశాక పెళ్లాం కాళ్ల దగ్గర కూర్చుని, మందులు ఎలా వెయ్యాలో అడిగి తెలుసుకున్నాడు. వరహాలమ్మ వార్డులోనే ఉండిపోయింది.

బయటికొచ్చాక కిరీటి ఉండబట్టలేకపోయాడు. "ఒట్టి కుళ్లుతో మనిషి గుండెకి ఇంత దెబ్బ తగులుతుందాండీ?"

పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేశారు.

"ఏమో నాయనా, నిన్నే అడుగుదామనుకుంటున్నాను."