ఎర్రచుక్క శ్రుతి

అడిగిన ప్రశ్నకు సింహాచలం మాస్టారు వెంటనే జవాబు చెప్పిన సందర్భం సాలూరులో ఎవరికీ గుర్తులేదు. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన తన క్లారినెట్ మూతి నుంచి రీడు, అంటే ఆ పల్చటి రెల్లుబద్ద, ఊడదీసి, తడపడానికి నోట్లో పెట్టుకునేవారు. నోట్లో రీడు ఉన్న మనిషి మాట్లాడలేడు. అడిగినవాడు ఎదురుగా కూర్చుని, తన ప్రశ్నను తనే మనసులో మరో నాలుగుసార్లు వినుకోవలసి వచ్చేది. సగం మంది అది భరించలేక, మళ్ళీ వస్తామని చెప్పి లేచిపోయేవారు. మాస్టారికి కావలసిందీ అదేనని గిట్టనివాళ్ళు అంటారు గాని, మనం అంత దూరం పోనక్కరలేదు.

ముప్పై ఏళ్ళు పెళ్ళిబ్యాండులో వాయించి, ఊపిరి తగ్గాక ఆయన ఊళ్ళో స్థిరపడ్డారు. లారీలకు బాడీలు కట్టే షెడ్డు మీద ఒక పొడుగాటి గది ఉంది. ఆదివారం మధ్యాహ్నం కింద సుత్తి దెబ్బలు ఆగిపోయాక, సొంతంగా పాటలు కట్టుకునే సరదా ఉన్నవాళ్ళు ఎనిమిది మంది ఆ గదిలో చేరేవారు. పాట మీద బతికేవాడు వారిలో ఒక్కడూ లేడు. ఒకరు పాట పాడితే మిగతావారు తమకు తోచింది చిన్న చీటీ మీద రాసి, పేరు పెట్టకుండా బిస్కట్ల డబ్బాలో వెయ్యాలి. పాడిన మనిషి ఆ చీటీలను ఇంటికి పట్టుకుపోయి ఒంటరిగా చదువుకోవాలి. ముఖం మీద చెబితే పొగడ్త అయినా ఎక్కువవుతుంది, పోట్లాట అయినా ఎక్కువవుతుందని మాస్టారు పెట్టిన పద్ధతి అది.

ఆ ఎనిమిది మందిలో లోకనాథానికి చెవి మంచిదని పేరు. అతను లారీల మీద పేర్లూ నంబర్లూ రాసే పెయింటరు. గీత వెంట్రుకవాసి వంకరపోతే మొత్తం చెరిపి మళ్ళీ రాసే మనిషి. పాటనూ అలాగే వినేవాడు. అతని చీటీకి రెండు వైపులా చాలేవి కావు. లారీల వెనక కనిపించే ఆ గుండ్రటి ముత్యాల్లాంటి అక్షరాలే చీటీ మీదా ఉండేవి కనుక, పేరు లేకపోయినా అది ఎవరిదో అందరికీ తెలిసేది. ఎవరికీ తెలియదని నమ్మినవాడు లోకనాథం ఒక్కడే.

ఒక ఆదివారం మాస్టారు చుట్టాల పెళ్ళికి బొబ్బిలి వెళ్ళారు. ఆ రోజే వరహాలమ్మ మొదటిసారి వచ్చింది. ఆవిడ ప్రభుత్వ నర్సుగా చుట్టుపక్కల ఊళ్ళలో ముప్పై నాలుగేళ్ళు పురుళ్ళు పోసి, రెండేళ్ళ క్రితం రిటైరయింది. మగవాళ్ళ మధ్య కొంగు సర్దుకుని కూర్చుని, నోటు పుస్తకం తెరిచి, గదిలోని శ్రుతిపెట్టె మోతతో కలిసి ఒక జోలపాట పాడింది. సాలూరులో తండ్రులు చాలామంది లారీ డ్రైవర్లు. బిడ్డ పుట్టే వేళకు తండ్రి కొండమలుపుల ఘాటీ దాటి ఏ రాయపూరు దారిలోనో ఉంటాడు. నాన్న వస్తున్నాడు, అంతవరకూ నిద్రపొమ్మని పురిటిబిడ్డకు చెప్పే పాట అది. ఆవిడ గొంతు అంతటా కిందికి అణిగిపోయి, కొన్నిచోట్ల ఊపిరి శబ్దం తప్ప అక్షరం వినబడలేదు. అందరూ మర్యాదగా ఒకటీ రెండూ వాక్యాలు రాశారు. లోకనాథం పదకొండు తప్పులు రాశాడు. పాట మధ్యలో రెండు పంక్తులు బొత్తిగా వినబడటం లేదనీ, వాటిని తీసివేస్తే పాట బాగుపడుతుందనీ కూడా రాశాడు. అతని మనసులో ద్వేషం లేశమైనా లేదు. నిజానికి ఆ చీటీకి అతను పడినంత శ్రమ మిగతా ఏడుగురూ కలిసి పడలేదు.

తరువాతి ఆదివారం వరహాలమ్మ రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. చీటీలు రాసే వేళ ఒకరిద్దరు లోకనాథం చేతివంక చూశారు. ఆ చూపు అతన్ని ఇంటిదాకా వెంబడించింది. అరవై ఏళ్ళ మనిషి, జీవితంలో మొదటిసారి ఒక పాట కట్టి పదిమంది ముందు పాడింది. ఆ పాటను తనే చంపేశాడా అన్న భయం అతనికి అన్నం సయించనివ్వలేదు. అయినా తన లెక్కలో తప్పెక్కడుందో దొరకలేదు. రాసిన పదకొండూ నిజాలే.

చివరికి మాస్టారి దగ్గర కూర్చుని అడిగేశాడు.

"తప్పు వినబడ్డాక చెప్పకపోతే అది మోసం కాదా మాస్టారూ? చెబితేనేమో మనిషి రావడం మానేస్తోంది. మరి నన్నేటి చెయ్యమంటారు?"

మాస్టారు రీడు ఊడదీశారు. కాని నోట్లో పెట్టుకోబోతూ ఆగి, ఆవిడ ఏ శ్రుతిలో పాడిందని అడిగారు.

"మన శ్రుతిలోనే" అన్నాడు లోకనాథం. ఇందులో అడగడానికేముందన్నట్టు.

మాస్టారు రీడు నోట్లో పెట్టుకున్నారు. ఆ రోజుకు ఇక అంతే.

మరుసటి ఆదివారం పాడే వంతు లోకనాథానిదే. రెండు నెలలు చెక్కిన పాట. పాడబోతూ గొంతు సవరించుకునేసరికి మాస్టారు చెయ్యి చాచి శ్రుతిపెట్టె మీది నాబును తిప్పారు. అది కరెంటు శ్రుతిపెట్టె. చాలాకాలంగా ఒకటిన్నర శ్రుతి మీదే ఉంటూ వచ్చింది, ఎందుకంటే అక్కడి ఎనిమిది మగ గొంతులకూ అది సరిపోయేది. మాస్టారు దాన్ని బాగా పైకి, ఐదున్నర దాకా తీసుకుపోయి వదిలారు. ఈ వేళ ఇందులో పాడమన్నారు. లోకనాథం గురువు మాట కాదనే రకం కాదు. పల్లవి ఎలాగో మెడనరాలు ఉబ్బించి లాక్కొచ్చాడు. అనుపల్లవిలో గొంతు చీలింది. చరణం ఎత్తుకునేసరికి ఒక కీచు శబ్దం బయటికి వచ్చి, కింద షెడ్డులో పడుకున్న కుక్క మొరిగింది. నవ్వాపుకోలేక ఒకాయన కిటికీ వైపు తిరిగాడు. మాస్టారు మాత్రం నవ్వకుండా, ఎప్పటిలాగే చీటీలు రాయండన్నారు.

ఆ సాయంత్రం లోకనాథం ఇంటి అరుగు మీద కూర్చుని ఏడు చీటీలూ చదివాడు. అనుపల్లవిలో గొంతు పగిలింది, ఊపిరి చాలటం లేదు, చరణంలో మాటలు తెలియలేదు, పైస్థాయి జోలికి పోకపోవడం మంచిది. ఒక చీటీలో చరణం మొత్తం ఎత్తేస్తే బాగుంటుందని ఉంది. ఆ చరణం కోసమే అతను ఆ పాట కట్టాడు. ఏడు చీటీలూ నిజమే చెబుతున్నాయి. కాని పాట గురించి ఏ చీటీలోనూ ఒక్క ముక్క లేదు. పాట అసలు వాళ్ళ చెవిదాకా చేరనే లేదు.

అప్పుడు అతనికి శ్రుతిపెట్టె గుర్తుకు వచ్చింది. ఎవరెవరో నాబును కదుపుతున్నారని విసుక్కుని, ఒకటిన్నర దగ్గర లారీ నంబర్లకు వాడే ఎర్ర ఎనామిలుతో గుండ్రంగా చుక్క పెట్టినవాడు తనే. ఎవరూ ఆ చుక్క దాటించవద్దని చెప్పినవాడూ తనే. వరహాలమ్మ వచ్చిన రోజున స్విచ్చి వేసి, ఇక పాడండమ్మా అన్నదీ తనే. అది మగవాళ్ళ శ్రుతి. ఆడగొంతుకు అందులో కింది స్వరాలు అందనే అందవు. పదకొండు తప్పుల్లో ఎన్ని ఆవిడవి, ఎన్ని ఆ ఎర్రచుక్కవి అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే తొమ్మిది చుక్కవే అయ్యాయి.

సోమవారం పొద్దున్నే పని ఎగ్గొట్టి వరహాలమ్మ ఇంటికి వెళ్ళాడు. తిట్టినా పడదామని, ముఖం మీద తలుపు వేసినా నిలబడదామని దారి పొడుగునా సిద్ధపడుతూ వెళ్ళాడు. ఆవిడ తిట్టలేదు. అతన్ని చూసి సంబరపడి కుర్చీ వేసింది. కాని పలకరించిన గొంతు బొంగురుపోయి ఉంది. ఎదురుగా గూట్లో మిరియాల కషాయం గ్లాసు ఉంది. పక్కన తెరిచి ఉన్న నోటు పుస్తకంలో అతని చీటీ అన్నం మెతుకులతో జాగ్రత్తగా అతికించి ఉంది.

"నువ్వు రాసినవన్నీ నిజవే బాబూ. రోజూ తెల్లారగట్ల లేచి కిందికి పాడీదాన్ని. నాలుగు దిద్దీసుకున్నాను. మిగతావి దిద్దుకున్నాకే వద్దావని ఊరుకున్నాను" అంది. అంది గాని, మధ్యలో రెండుసార్లు దగ్గింది.

ఇన్నాళ్ళూ లోకనాథం, ఆవిడకు కోపం వచ్చి రావడం మానేసిందనుకున్నాడు. ఆవిడ అతని మాట నమ్మి రావడం మానేసింది. చీటీ రాసిన చెయ్యి ఎంత అందంగా రాసిందో, ఆవిడ అంత గట్టిగా నమ్మింది. పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. పాట మధ్యలో రెండు పంక్తులు, అతను తీసెయ్యమన్నవి, నల్లసిరాతో అడ్డంగా కొట్టేసి ఉన్నాయి. పట్టి పట్టి చూస్తే కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి.

ఈ రెండూ ఎలా ఉండేవో ఒకసారి పాడమని అడిగాడు. మన శ్రుతి వద్దన్నాడు. పురిటిగదిలో బిడ్డను ఒళ్ళో వేసుకుని ఎలా పాడేవారో అలాగేనన్నాడు. ఆవిడ కొంచెం మొహమాటపడి, బొంగురుపోయిన గొంతుతోనే, తనకు ఎక్కడ హాయిగా ఉందో అక్కడ ఎత్తుకుంది.

ఘాటీ మలుపుల్లో గేరు మార్చుకుంటూ
మెల్లగా మెల్లగా దిగుతాడు నాన్న

పైన ఎక్కడో మొదలైన స్వరం ఒక్కో మలుపు దగ్గరా కాస్త ఆగి, మళ్ళీ దిగి, మళ్ళీ ఆగి, బరువుబండి ఘాటీ దిగినట్టు దిగి, చివరికి బిడ్డ పక్కన వచ్చి ఆగింది. ఆ దిగడమే పాట. లోకనాథం తండ్రి కూడా ఆ ఘాటీ దారిన లారీ నడిపినవాడే. కొడుకు పుట్టిన మూడో రోజున ఆయన ఇల్లు చేరాడని తల్లి చెబుతూ ఉండేది. లోకనాథం తల దించుకుని కళ్ళు తుడుచుకున్నాడు. ఆవిడ అది చూసి, ఈ చోట కూడా తప్పు పోయిందేమోనని కంగారుపడింది.

"అది మీ తప్పు కాదమ్మా. శ్రుతిపెట్టెది. దానికి చుక్క పెట్టినవాణ్ణి నేను" అన్నాడు.

తరువాత చుక్క కథంతా చెప్పాడు. ఆవిడ చాలాసేపు నవ్వింది, నవ్వి మళ్ళీ దగ్గింది. పదిహేను రోజులుగా తాను కషాయం తాగింది పెట్టె జబ్బుకన్నమాట అంది. లోకనాథం జేబులోంచి కలం తీసి, ఆవిడ అనుమతి అడిగి, కొట్టేసిన పంక్తుల పైన ఆ రెండింటినీ మళ్ళీ రాశాడు. లారీ వెనక రాసేటప్పుడు ఎంత నింపాదిగా రాస్తాడో అంత నింపాదిగా రాశాడు. అతికించిన చీటీని ఊడదియ్యబోతే మాత్రం ఆవిడ ఒప్పుకోలేదు. ఉండనీ బాబూ, ఇంత శ్రద్ధగా నా పాట విన్నవాడు ఇంకెవడున్నాడు అంది. ఆ మాటకు అతను ఎటు చూడాలో తెలియక కషాయం గ్లాసు వంక చూస్తూ కూర్చున్నాడు.

ఆవిడ గొంతు కుదురుకోవడానికి రెండు వారాలు పట్టింది. ఆ ఆదివారం అందరికంటే ముందు వచ్చి, లోకనాథం బ్లేడుతో శ్రుతిపెట్టె మీది ఎర్రచుక్కను గీకేశాడు. చుక్క పోయింది గాని, అక్కడ కొంచెం గీతలు మిగిలాయి. వరహాలమ్మ వచ్చాక నాబు ఆవిడ చేతికే ఇచ్చారు. ఆవిడ అటూ ఇటూ తిప్పి, ఐదు దగ్గర ఆపి, పాడింది. బండి ఘాటీ దిగే చోట గదిలో ఎవరూ కదలలేదు. పాట అయ్యాక అందరూ చీటీలు తీశారు.

లోకనాథం చీటీ ముందు పెట్టుకుని కలం పట్టుకున్నాడు గాని చెయ్యి సాగలేదు. తొమ్మిది తప్పులు చుక్కతో పాటు పోయాయి. మిగిలిన రెండూ మాత్రం ఈ వేళ కూడా వినబడ్డాయి. ఒకచోట మాట మధ్యలో ఊపిరి తీసుకుని ఆవిడ మాటను విరిచేస్తోంది. ఆఖరి పంక్తి దగ్గర తాళం జారుతోంది. రాయాలంటే భయం. రాయకపోతే, తన మాటను అంతగా నమ్మిన మనిషికి అన్యాయం చేసినట్టవుతుంది. మాస్టారి పక్కకు జరిగి, గొంతు తగ్గించి, ఇంకా రెండున్నాయి మాస్టారూ అన్నాడు.

మాస్టారి నోట్లో రీడు ఉంది. లోకనాథం అలవాటు ప్రకారం వెనక్కి జరిగి కూర్చోబోయాడు. ఆ రోజు మాత్రం మాస్టారు రీడు తీసి చేతిలో పట్టుకున్నారు.

"ఉంటాయి. చీటీ పైన ముందు ఆవిడ శ్రుతి ఎంతో రాయి. ఆ కింద అవి రాయి" అన్నారు.