రాజుకు కూననివ్వని ఓబక్క

కోటల చుట్టూ కందకాలూ, అడవి దారుల్లో దొంగల భయమూ ఉన్న కాలంలో కోనగిరి అనే రాజ్యం ఒకటి ఉండేది. ఆ రాజ్యపు అంచున, రాళ్లగుట్టల నడుమ, ఎర్రబోడు అని ముప్పై గడపల ఊరు. ఆ ఊళ్లో ఓబక్క అనే ఆమె జాగిలాలను పెంచి అమ్ముతూ బతికేది.

జాగిలమంటే వేటకుక్క. సన్నని నడుము, పొడుగాటి కాళ్లు, లోతైన రొమ్ము. ఓబక్క అమ్మమ్మ వాటిని పెంచింది, అమ్మ పెంచింది, ఇప్పుడు ఓబక్క పెంచుతున్నది. ఏ కుక్కకు తల్లి ఏది, తండ్రి ఏది అని అడిగితే చాలు, ఏడు తరాల పేర్లు గుక్క తిప్పుకోకుండా చెప్పేది.

ఆమెకు రెండు పట్టింపులు ఉండేవి. అరవై రోజులు నిండందే కూనను తల్లి దగ్గర నుంచి కదలనిచ్చేది కాదు. కొనవచ్చినవారికి కూనను చూపించేటప్పుడు ముందు దాని లోపం చెప్పి, ఆ తర్వాతే గుణం చెప్పేది. "దీనికి నీళ్లంటే జంకు. పరుగులో మాత్రం దీన్ని మించింది లేదు," అనేది. వచ్చినవాళ్లలో కొందరు నవ్వేవారు. కొందరు విసుగుపడి పక్క ఊళ్లకు పోయి, ఇంకా పాలు మరవని కూనలను చంకన పెట్టుకుని పోయేవారు. ఓబక్క వాళ్లను వెనక్కి పిలిచేది కాదు.

ఒక ఏడు ఆమె ఇంట్లో మల్లి అనే జాగిలం ఐదు కూనలను పెట్టింది. వాటిలో ఒకటి తెల్లనిది. నుదుటి మీద నల్లమచ్చ. మిగిలిన నాలుగింటికంటే బొమికె పెద్దది. చూసినవాళ్ల కన్ను ముందు దాని మీదే పడేది.

ఆ రోజుల్లో విరూపన్న అనే వర్తకుడు ఎద్దుల మీద ఉప్పు వేసుకుని ఊరూరా తిరిగేవాడు. కోనగిరి రాజు వీరభూపతి పుట్టినరోజు దగ్గరపడుతున్నది. రాజుకు వేటంటే ప్రాణం. మంచి జాగిలం కానుకగా ఇస్తే రాజు మెచ్చుకుంటాడని, రాజ్యమంతా తానొక్కడే ఉప్పు అమ్ముకునే హక్కు ఇస్తాడని విరూపన్న ఆశపడ్డాడు. నేరుగా ఓబక్క ఇంటికి వచ్చాడు.

అప్పటికి కూనలకు నెల నిండింది. విరూపన్న తెల్లకూనను చూపించి అదే కావాలన్నాడు. అందరికంటే ముందు వచ్చారు కనుక ముందు ఎంచుకునే వంతు మీదేనని ఓబక్క ఒప్పుకుంది. అయితే అరవై రోజులు నిండాక రమ్మంది. ఆ తెల్లకూనకు పెద్ద చప్పుడంటే భయమని, వేటకు పనికిరాదని కూడా చెప్పింది. విరూపన్న చెవికి మొదటి మాట ఒక్కటే ఎక్కింది. సంతోషంగా వెళ్లిపోయాడు.

పది రోజులకే మళ్లీ వచ్చాడు. ఈసారి పట్టుచీర తెచ్చాడు. ఓబక్క దాన్ని తాకలేదు. ఇంకా ఇరవై రోజులున్నాయని చెప్పి మజ్జిగ ఇచ్చి పంపింది.

అయిదు రోజులకు మూడోసారి వచ్చాడు. ఈసారి గుమ్మం బయటే నిలబడ్డాడు.

"ఈ కూన నాకు కాదు, రాజుగారికి. రాజుగారికే కాదంటావా, ఓబక్కా?" అన్నాడు.

"రాజుగారికైతే ఆ తెల్లదాన్ని అసలే ఇవ్వను, విరూపన్నగారూ," అంది ఓబక్క. "లోపమున్న కూనను వేటగాడికి అంటగట్టి, మా అమ్మమ్మ పేరు ఎట్లా చెప్పుకోను?"

విరూపన్న కోపంతో కోటకు పోయాడు. ఓబక్క తనకు మాట ఇచ్చి తప్పిందని ఫిర్యాదు చేశాడు. రాజుగారి పేరు చెప్పినా లెక్కచేయలేదన్నాడు. మంచి కూనను దాచుకోవడానికి లేని లోపం అంటగట్టిందన్నాడు.

రాజుకు కబురు చేదుగా తగిలింది. మరునాడే భటుడు ఎర్రబోడుకు వచ్చి ఆజ్ఞ వినిపించాడు. ఓబక్క తల్లికుక్కనూ కూనలనూ తీసుకుని సభకు రావాలి. తప్పు రుజువైతే ఆమె కుక్కలన్నీ కోటలోని కుక్కలశాలకు పోతాయి. ఆమె వంశంలో ఎవరూ ఇక జాగిలాలను పెంచకూడదు.

ఊరివాళ్లు ఆమె చుట్టూ చేరారు. ఆ తెల్లకూనేదో ఇచ్చేసి కాళ్ల మీద పడితే పోతుంది కదా అన్నారు. ఏడు తరాల పని ఒక్క కూన కోసం పాడుచేసుకుంటావా అని అడిగారు. ఏడు తరాల పని కనుకనే ఇవ్వలేనని ఓబక్క చెప్పింది. కూనలను గంపలో పెట్టి నెత్తికెత్తుకుంది. మల్లి పక్కన నడిచింది. రెండు రోజులు నడిచి ఇద్దరూ కోట చేరారు.

సభ నిండుగా ఉంది. వీరభూపతి సింహాసనం మీద కూర్చున్నాడు. ఓబక్క గంప దించి, చీర సవరించుకుని, నిటారుగా నిలబడింది. ఆమెకు భయం లేకపోలేదు.  కాని తల వంచితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని తల ఎత్తే ఉంచింది.

రాజు మొదటి నింద చదివించాడు. మాట ఇచ్చావా అని అడిగాడు. ఇచ్చానని ఓబక్క ఒప్పుకుంది. సభలో గుసగుసలు లేచాయి.

"ముందు ఎంచుకోమన్నాను, ప్రభూ. అరవై రోజులు నిండాకనే అన్నాను," అంది. "ఆయన సగం మాట ఇంటికి తీసుకుపోయి, సగం నా గుమ్మంలోనే వదిలేశారు."

అరవై రోజుల మాట తానెన్నడూ వినలేదన్నాడు విరూపన్న. అప్పుడు దగ్గర ఎవరైనా ఉన్నారా అని రాజు అడిగాడు. ఎవరూ లేరు. ఒకరి మాటకు ఒకరి మాట ఎదురు నిలిచింది.

అసలు అరవై రోజులు దేనికని రాజు ఆమెనే అడిగాడు. ఓబక్క జవాబు మాటల్లో చెప్పలేదు. గంప మూత తీసి రెండు కూనలను నేల మీద వదిలింది. అవి కలబడి ఆడుకున్నాయి. ఒకటి రెండోదాని చెవిని గట్టిగా పట్టింది. రెండోది కెవ్వుమని ఆట మానేసి దూరంగా పోయి కూర్చుంది. మొదటిది కాసేపు బిక్కమొహం వేసుకుని, దగ్గరకు పోయి, ఈసారి మెత్తగా నోటితో అందుకుంది.

"ఎంత కరవాలో, ఎక్కడ ఆగాలో తోబుట్టువులే నేర్పుతాయి, ప్రభూ. నెల కూనను ఎత్తుకుపోతే ఆ చదువు దానికి అందదు. పెద్దయ్యాక ఇంట్లో పసిబిడ్డను కరుస్తుంది. అప్పుడు కుక్కను కొడతారు. తప్పు దానిది కాదు."

రాజుకు ఆ మాట నచ్చింది. అయినా అది సాక్ష్యం కాదు. రెండో నింద ఎత్తాడు. తన పేరు చెప్పినా ఎందుకివ్వలేదని అడిగాడు. తెల్లకూన పెద్ద చప్పుడుకు బెదురుతుందని, రాజు కొమ్ము ఊదించి వేటకు పోతే అది పొదలో దూరుతుందని, అప్పుడు నలుగురిలో నవ్వులపాలయ్యేది రాజేనని ఓబక్క చెప్పింది.

విరూపన్నకు ఇదే అదను అనిపించింది. "అబద్ధం, ప్రభూ. ఇంత బలమైన కూనకు భయమేమిటి? ఈమె దాన్ని దాచుకోవాలని చూస్తున్నది. ఈ ఒక్క మాటతోనే ఈమె సంగతి తేల్చండి," అన్నాడు.

రాజు సరేనన్నాడు. తెల్లకూనను సభ మధ్యలో వదలమన్నాడు. అది తోక ఊపుతూ, అందరి కాళ్లూ వాసన చూస్తూ, యువరాజులా తిరిగింది. చూసినవాళ్లంతా అబ్బా ఎంత ఠీవి అనుకున్నారు. విరూపన్న మీసం మీద చెయ్యి వేశాడు. అప్పుడు రాజు నగారా మోగించమని సైగ చేశాడు.

మొదటి దెబ్బకే కూన నేలకు కరుచుకుపోయింది. రెండో దెబ్బకు పరుగెత్తింది. మూడో దెబ్బకు సింహాసనం కిందికి దూరి, తివాచీ తడిపేసింది. సభంతా పగలబడి నవ్వింది. ఓబక్క నవ్వలేదు. మోకాళ్ల మీద వంగి, మెల్లగా నాలుక చప్పరించి పిలిచింది. అది వణుకుతూ వచ్చి ఆమె ఒడిలో తలదాచుకుంది. ఆమె దాని చెవులు రెండూ చేతులతో మూసింది.

రాజు చెయ్యి ఎత్తాడు. నవ్వులు ఆగాయి.

తన సరుకు మంచిదని ఎవరైనా చెప్తారని, తన సరుకులో లోపాన్ని నిండు సభలో తానే చెప్పిన మనిషిని మొదటిసారి చూస్తున్నానని రాజు అన్నాడు. తనకు నష్టం వచ్చే చోట నిజం చెప్పిన మనిషి, అరవై రోజుల దగ్గర అబద్ధం ఆడదని తీర్పు చెప్పాడు. విరూపన్న తల దించుకున్నాడు. ఓబక్క ఆ మాట చెప్పిందని, తొందరలో తానే చెవిన పెట్టలేదని సభ ముందు ఒప్పుకుని ఆమెను క్షమించమన్నాడు.

కథ అక్కడితో అయిపోవలసిందే. కాని వీరభూపతికి మనసు ఆగలేదు. గంపలోకి తొంగిచూసి, గోధుమరంగు ఆడకూన ఒకటి తనకేసి రెప్పవేయకుండా చూడడం గమనించాడు. రోజులు నిండాక అది తనకు ఇమ్మన్నాడు.

ఓబక్క గంప మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత చేతులు జోడించింది.

"ఈ కూనకు ఏ లోపమూ లేదు, ప్రభూ. కాని ఇవ్వలేను."

సేనాపతి లేచి నిలబడ్డాడు. విరూపన్న కూడా బెదిరి ఆమెకేసి చూశాడు. గెలిచిన మనిషి తన గెలుపును తానే కాలదన్నుకుంటున్నదని అందరూ అనుకున్నారు.

ఎందుకని రాజు అడిగాడు. అతని గొంతు గట్టిపడింది.

"పొద్దున కోటలోకి వస్తుంటే కందకం పక్కన ముసలి జాగిలాలు నాలుగు కనిపించాయి. మెడల మీద మీ కుక్కలశాల పట్టీలు ఒరిసిన గుర్తు ఇంకా ఉంది. ఎంగిలి విస్తళ్ల కోసం వీధి కుక్కలతో పోట్లాడుతున్నాయి. పళ్లు లేక ఓడిపోతున్నాయి. నా కూనకు కూడా ఏదో ఒకనాడు పళ్లు ఊడతాయి, ప్రభూ."

 రాజు కుక్కలశాల అధికారిని పిలిపించాడు. పరుగు తగ్గిన కుక్కలను పట్టీ విప్పి బయటికి తోలడం పాతకాలం నుంచి వస్తున్న పద్ధతేనని, ఏలినవారి చెవిన వేయాల్సిన సంగతిగా ఎవరికీ తోచలేదని అతను చెప్పాడు.

వీరభూపతి సింహాసనం దిగాడు. పల్లకీ రాకముందే నడిచి కోటగుమ్మం దాటాడు. వెనకే సభ కదిలింది. కందకం గట్టున నాలుగు ముసలి కుక్కలు ఎండలో పడుకుని ఉన్నాయి. రాజు అడుగుల చప్పుడుకు మూడు దూరంగా జరిగాయి. నాలుగోది, కళ్లకు పొర కమ్మినది, ముక్కెత్తి గాలి పీల్చింది. తడబడుతూ లేచింది. వచ్చి రాజు అరచేతిలో మూతి పెట్టింది.

రాజు దాని చెవి మడత వెనక వేలు పోనిచ్చాడు. అక్కడ పాత పంది కాటు మచ్చ ఉంది. అది పిడుగు. రాజు పదహారేళ్ల వయసులో మొదటిసారి వేటకు పోయి, అడవిపంది ముందు జారిపడితే, మధ్యలోకి దూకి అతన్ని కాపాడిన జాగిలం. అది చచ్చిపోయిందని రెండేళ్ల కిందట ఎవరో చెప్పారు. అతను నమ్మాడు. మళ్లీ అడగలేదు.

రాజు ఆ గట్టు మీద, మట్టిలోనే కూర్చున్నాడు. పిడుగు అతని తొడ మీద తల పెట్టుకుంది.  సేనాపతి పక్కకు తిరిగి ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు.

"నన్ను ఇది మరవలేదు. నేను దీన్ని మరిచాను," అన్నాడు రాజు. "ఓబక్కా, నువ్వు ఇవ్వననడం న్యాయమే."

ఆ నాలుగు కుక్కలనూ ఆ రోజే లోపలికి తెచ్చారు. కోటలో తూర్పువైపు, ఎండ తగిలే చోట, ముసలి జాగిలాలకని ఒక పంచ వేయించాడు రాజు. మెత్తగా ఉడికిన సంకటి, పులుసు, పరుచుకోవడానికి ఎండుగడ్డి ఏర్పాటు చేయించాడు. పిడుగుకు మాత్రం తన చేత్తోనే తినిపించేవాడు. ఆరు నెలలు అది అలా బతికి, ఒక మధ్యాహ్నం ఎండలో నిద్రపోతూనే పోయింది. రాజు ఆ తర్వాతే ఎర్రబోడుకు మనిషిని పంపి, ఇప్పుడైనా ఒక కూనకు తాను తగుదునా అని ఓబక్కను అడిగించాడు. ఆమె ఇంకెవరికీ ఇవ్వకుండా ఉంచిన ఆ గోధుమరంగు ఆడకూనను వెంటనే పంపింది.

కోటలోని కుక్కలశాలకు అధికారిణిగా రమ్మని రాజు ఆమెను పిలిచాడు. తన గుట్టల మధ్య గాలి తన జాగిలాలకు కావాలని చెప్పి ఆమె రాలేదు. తెల్లకూనను గురుకులంలో పిల్లలకు చదువు చెప్పే ఒక పంతులుగారు కోరి తీసుకుపోయారు. అక్కడ నగారాలు మోగవు. విరూపన్న ఊరూరా తిరిగినప్పుడు, సభలో తాను ఓడిన సంగతి తానే చెప్పి, కుక్క కావాలంటే ఎర్రబోడు పొమ్మనేవాడు.

మరు సంవత్సరం రాజు రాజ్యమంతా చాటింపు వేయించాడు. కుక్కనుగాని, ఎద్దునుగాని, గుర్రాన్నిగాని అమ్మేవాడు ముందు దాని లోపం చెప్పాలి. కొనేవాడు దాన్ని ముసలితనంలో ఎట్లా సాకుతాడో చెప్పాలి. ఆ కట్టడికి రాజు తన పేరు పెట్టుకోలేదు. ఓబక్క కట్టడి అని పేరు పెట్టాడు.

చాటింపు వేసే మనిషి ఎర్రబోడుకు వచ్చిన రోజున ముప్పై గడపలవాళ్లూ వీధిలోకి వచ్చి నిలబడ్డారు. కాళ్ల మీద పడమని ఒకప్పుడు చెప్పినవాళ్లే ఇప్పుడు ముందు వరసలో ఉన్నారు. ఓబక్క మన ఊరిదని ఒకరికొకరు చెప్పుకుంటూ, ఆమె కోసం వెతికారు. ఆమె పెరట్లో ఉంది. అప్పుడే కళ్లు తెరిచిన కొత్త కూనల దగ్గర కూర్చుని, తల్లికుక్కకు గంజి పోస్తున్నది. చాటింపు వినరావా అని పిలిస్తే, కుక్క తాగడం అయ్యాక వస్తానంది.

అమ్మేవాడు లోపం దాచకుండా చెబితేనే అతని సరుకుకు గౌరవం, కొనేవాడు కడదాకా చూసుకుంటేనే అతనికి దాని మీద హక్కు. ఈ రెండూ నిలబెట్టిన మనిషి రాజు ముందైనా తల వంచనక్కరలేదు.