పైడమ్మ పసరు గిన్నె

అనగనగా ఏటి ఒడ్డున ఓ ఊళ్ళో పైడమ్మ అనే ముసలమ్మ ఉండేదిరా కన్నా. కుక్క కరిచినవాళ్ళకి పసరు పోసేది. "నా పసరు తాగి ఒక్కడూ పోలేదు" అని ఊరంతా చాటేది. ఎందుకు పోతారు? కరిచినవి పిచ్చికుక్కలైతేగా! పసరు తాగకపోయినా బతికేవాళ్ళే. ఏదీ, ఊఁ కొట్టు.

ఒకనాడు చొంగ కార్చుకుంటూ ఓ కుక్క వచ్చింది. వస్తూనే మేకపిల్లని కరిచింది. అప్పుడు పెయ్యని కరిచింది. ఆ తర్వాత పైడమ్మ మనవరాలు బంగారి పిక్క పట్టేసింది. అమ్మో, చెప్తుంటేనే నా ఒళ్ళు జలదరిస్తోంది!

పైడమ్మ గబగబా పసరు నూరింది. మేకపిల్లకి పోసింది, పెయ్యకి పోసింది. బంగారి దగ్గరికొచ్చేసరికి కోడలు చినతల్లి అడ్డం నిలబడింది. అప్పటికే పిల్ల కాలు బోరింగు కింద పెట్టి, సబ్బుతో రుద్ది రుద్ది కడిగింది.

"పసరొద్దత్తా. సూది వేయిస్తాను."

"ఇంట్లో మందు పెట్టుకుని ఆస్పత్రికి పోతావా? నా పరువేం కావాలే?"

"నీకు పరువు కావాలా, మనవరాలు కావాలా?"

చినతల్లి పిల్లని చంకనేసుకుని ఏరు దాటి ఆస్పత్రికి పోయింది. డాక్టరమ్మ గాయం చుట్టూ ఓ మందు ఎక్కించి, జబ్బకి ఓ సూది వేసింది. "జబ్బు బయటపడితే ఇక మందు లేదమ్మా. ముందే అడ్డుకోవాలి. ఒక్క సూదీ మానొద్దు" అంది. పిల్ల గీపెట్టినా, వాన ముంచెత్తినా, అత్త మాటలు మానేసినా చినతల్లి మానలేదు.

కొన్నాళ్ళకి మేకపిల్ల పిచ్చెత్తి చచ్చిపోయింది. "పసరు కక్కేసుంటుందిలే" అంది పైడమ్మ. ఆ తర్వాత పెయ్య మేత ముట్టలేదు, చొంగ కార్చింది. గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని పైడమ్మ దాని నోట్లో చెయ్యి పెట్టింది. వేలికి పళ్ళు గీసుకున్నాయి. తెల్లారేసరికి పెయ్యా పోయింది.

ఇక మిగిలింది బంగారే కదా! ముసలమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆ జబ్బొస్తే నీళ్ళు మింగుడుపడవుగా, మింగుతుందా లేదా అని కళ్ళప్పగించి చూసింది. బంగారి గటగటా తాగేసి, "నానమ్మా, నీ వేలికేమైంది?" అంది.

పైడమ్మ వేలు చూసుకుంది. పక్కనే పసరు గిన్నె ఉంది. దాన్ని ముట్టలేదురా! బోరింగు దగ్గరికి పరుగెత్తి సబ్బు అందుకుంది.

"చినతల్లీ! నా బుద్ధి గడ్డి తిందే. నన్నూ సూదికి తీసుకుపోవే, భయమేస్తోంది" అని భోరుమంది.

"పదత్తా" అని చినతల్లి ఆమె చెయ్యి పట్టుకుని ఏరు దాటించింది.

పైడమ్మ బతికింది. ఆ గిన్నె బోరింగు దగ్గర సబ్బుగిన్నె అయింది. పసరుకని ఎవరొచ్చినా, పైడమ్మ ముందు ఆ గిన్నే చేతికిచ్చి, తర్వాత ఏటి అవతలికి తోలేది.

సబ్బు కాటుకి, సూది జబ్బకి,
కథ కంచికి, కళ్ళు కునుక్కి!