సుంకన్న తాడు

శ్రావణమాసం మూడో శనివారం, సాయంత్రం ఐదు గంటలు. నాపరాళ్ల గనుల పక్కనున్న కాలనీ చావడిలో జడకోలాటం నేర్చుకుంటున్నారు పిల్లకాయలు. దూలానికి కట్టిన తాళ్లు తలా ఒకటి పట్టుకుని, సగంమంది కుడిచుట్టు, సగంమంది ఎడమచుట్టు తిరిగి జడ అల్లేశారు. ఇక వెనక్కి ఆడి విప్పడమే మిగిలింది.

అప్పుడు ఆగిపోయాడు రంగస్వామి. తిమ్మక్కవ్వ దగ్గర ఆట నేర్చినవాళ్లలో అతనే పెద్ద శిష్యుడు. ఆ పొద్దునే అతని తమ్ముడు మద్దిలేటి, ఇదే జట్టులో ఆడే సుంకన్నతో కలిసి లారీలోంచి డీజిలు దొంగిలిస్తూ దొరికిపోయాడు.

“అవ్వా, సుంకన్న ఉంటే నేను ఆడను. వాళ్ల నాయన దొంగతనం చేసి జైల్లో ఉండాడు. వాళ్ల అన్నదీ అదే పని. ఆర్నెల్లు సావాసం చేస్తే వాళ్లు వీళ్లవుతారని ఊరికే అన్నారా? మావోడు వాడైపోతాండాడు!”

“డబ్బా పట్టింది నేనేన్నా,” అన్నాడు మద్దిలేటి.

“నువ్వు నోర్ముయ్!”

అవ్వ తను వాయించే తాళాలు కళ్లకద్దుకుని పక్కన పెట్టింది.

“అట్లయితే వాణ్ని పంపించు,” అంది.

సుంకన్న ఏడవలేదు. తాడు విసిరికొట్టాడు.

“పోతాలే! నేను పుట్టకముందే నన్ను దొంగను చేసి పెట్టుకుంటిరి. ఎవురికి గావాల మీ కోలాటం!”

వాడు వెళ్లిపోయాడు.

“ఊ, జడ విప్పండి,” అంది అవ్వ.

రెండడుగులు పడ్డాయో లేదో జడ బిగుసుకుంది. రంగస్వామి సుంకన్న తాడు కూడా తనే పట్టుకున్నాడు. తనది కుడిచుట్టు, వాడిది ఎడమచుట్టు. ఒక్క మనిషి రెండు దిక్కులా ఎట్లా పోతాడు? పిల్లకాయలు కిసుక్కుమన్నారు.

“వాడి తాడు కోసేద్దాం అవ్వా.”

అవ్వ బొడ్లోంచి చాకు తీసి అతని చేతికిచ్చింది.

“వాడిదే చూసి కోయి నాయనా.”

రంగస్వామి అరుగెక్కి చూశాడు. సుంకన్న తాడు మద్దిలేటి తాడు కిందుగా దూరి, తన తాడు మీదుగా పోయి, మళ్లీ లోపలికి మాయమైంది. ఏది కోసినా జడంతా జారిపోయేలా ఉంది. చాకు అవ్వకే తిరిగిచ్చేశాడు.

“మీవోడు వాడైపోతాడని భయపడితివే,” అంది అవ్వ. “వాడు మీవోడు కాకూడదని ఎవురన్నార్రా?”

మర్నాడు పొద్దున రంగస్వామి వాళ్లమ్మ ఈశ్వరమ్మ పొయ్యి ముందు కొడుకులిద్దరి పళ్లేల పక్కన మూడో పళ్లెం పెట్టింది. రంగస్వామి వెళ్లి సుంకన్నను రెక్క పట్టుకుని తీసుకొచ్చాడు. వాడు గడప దగ్గరే మొరాయించాడు.

“మీ ఇంట్లో ఏం పోయినా నన్నే అంటారు. నేను రాను.”

“అంటాంలే, మావోళ్లనైతే అనమా?” అంది ఈశ్వరమ్మ, జొన్నరొట్టె తడుతూనే. “ముందు తిను, చల్లారిపోతాది.”

సుంకన్న కూర్చున్నాడు. ఎదురింటివాళ్లు మెడలు సాచి తొంగిచూస్తున్నారు. ఈశ్వరమ్మ పిండి చేతులతోనే లేచి, తలుపు బార్లా తెరిచింది.