తాడు కట్టే చోటు

ఎరకయ్య దుఃఖమంతా ఒక తాడు దగ్గర ఆగిపోయింది.

మొన్నటి తుఫానులో వాళ్ళ తమ్ముడు సింగరాజు పోయాడు. సముద్రంలో కాదు. గాలిని తప్పించుకుని పడవని ఊరి పక్క పీతలేట్లోకి తెచ్చేశాడు కూడా. ఏట్లోకొచ్చి మడచెట్టుకి కట్టేసుకుంటే ఏ గాలీ ఏం చెయ్యలేదని మా పల్లెలో చంటిపిల్లకీ తెలుసు. మడంటే మామూలు అడివా? అక్కడ చేపలు చెట్లెక్కుతాయి, వేళ్ళు బురదలోంచి పైకి లేచి ఊపిరి పీలుస్తాయి. వెనకటికి తెల్లోళ్ళ ఓడొకటి ఒక్క చెట్టుకే కట్టుకుని గాలివానంతా గడిపిందంట. ఓడ విరిగింది గానీ చెట్టు కదల్లేదు. నమ్మకపోతే మీ ఖర్మ.

అలాంటి ఏట్లో సింగరాజు శవమై దొరికాడు. తాడు చేతికి చుట్టుకునే ఉంది.

"చేతిలో తాడుండి కట్టుకోలేదేటండీ వాడు? దేవుడేమన్నా చేతులు పట్టేసుకున్నాడాండీ?"

ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర గుడిసేసుకున్న మౌలాలీ ఫకీరుని ఎరకయ్య రోజూ ఇదే అడిగేవాడు. ఆ ముసలాయనకి చాన్నాళ్ళ శిష్యుడు మరి.

ఎరకయ్య అల్లాటప్పా మనిషి కాదు. గొడ్డలెత్తితే చాలు, వేటు పడకముందే చెట్టు ఒరిగిపోయేదని చెప్పుకునేవారు. ఎవరంటారా? అతనే. ఆ తుఫానుకి ముందు వేసవిలో ఇటుకబట్టీ కోసం పీతలేటి ఒడ్డంతా ఒక్కడే నరికిచ్చాడు. మోడు కూడా మిగల్చలేదని మురిసిపోయాడు. తమ్ముడు పోయాక మాత్రం అటు తొంగిచూడలేదు.

ఒకరోజు పొద్దున్నే ఫకీరు ఎరకయ్య పడవెక్కి కూర్చున్నాడు.

"పీతలేట్లోకి పోనీరా."

"ఆ ఏరొద్దండి."

"అయితే ఇంకెప్పుడూ నన్నడక్కు."

ఎరకయ్య తెడ్డందుకున్నాడు.

ఏట్లోకి వెళ్ళేసరికి ఆటు తీస్తోంది. నీళ్ళన్నీ సముద్రం వైపు లాగుతున్నాయి.

"పడవ కట్టు" అన్నాడు ఫకీరు.

ఎరకయ్య తాడు చేతికి చుట్టుకుని పడవ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఇటు చూశాడు. అటు చూశాడు. రెండు పక్కలా ఒట్టి బురద. చెట్టెక్కే చేప ఒకటి, ఎక్కడానికేం లేక, ఆ బురదలోనే పొర్లుతోంది. పడవ జారిపోతోంది.

"కట్టరా."

"దేనికి కట్టనండీ?"

ఫకీరు అతని చేతికున్న తాడు వైపు చూశాడు.

"మీ తమ్ముడూ ఇదే అడిగుంటాడు."

పడవ సముద్రం దాకా జారిపోయింది. ఎరకయ్య చేతి తాడు విప్పలేదు. ఫకీరే తెడ్డు అందుకున్నాడు.