ఎదుటి జట్టును మోసుకొచ్చిన యాంకో

అనగనగా, మీ తాతలకి తాతలు ఉయ్యాల్లో ఊగే రోజుల్లో, సముద్రాల అవతల అమెరికా దేశంలో ఒక ఊరుండేది. దాని అసలు పేరు మన నోరు తిరగదు. చుట్టూ ఇనుప గనులే కాబట్టి ఇనుపకొండ అందాం.

ఆ ఊరికి ఒకటే పిచ్చి, ఫుట్‌బాల్. మనమెరిగిన ఫుట్‌బాల్ కాదు. బంతి కొబ్బరికాయలా కోలగా ఉంటుంది. దాన్ని చంకలో ఇరికించుకుని ఒకడు పరిగెడతాడు. ఎదుటివాళ్ళు మీదపడి పడగొడతారు. వాడు లేస్తాడు, మళ్ళీ పరిగెడతాడు. మళ్ళీ పడగొడతారు. అదీ ఆట.

గనుల్లో పనిచేసే కండగలవాళ్ళంతా కలిసి 'తోడేళ్ళు' అని జట్టు కట్టారు. గని దొర జీతాలిచ్చి వాళ్ళని పెద్ద ఊళ్ళ పోటీల్లోకి దింపాడు. ఎన్నాళ్ళు బతికిందనుకున్నారు ఆ జట్టు? మూడంటే మూడు చలికాలాలు. మొదటి చలికాలం నవ్వులపాలైంది. రెండో చలికాలం నిలదొక్కుకుంది. మూడో చలికాలం ఏమైందో అదే ఈ కథ.

తోడేళ్ళలో అందరికన్నా చివరివాడు యాంకో. పొట్టివాడు, బండరాయిలా ఉండేవాడు. తెల్లారితే మంచుబండి మీద ఇంటింటికీ పాలు పోసేవాడు. మంచుబండికి చక్రాలుండవు, గుర్రం లాగితే మంచు మీద జారుకుంటూ పోతుంది. సాయంత్రం జట్టంతా యాంకో మీదపడి పడగొట్టడం నేర్చుకునేది. అసలు ఆట రోజున మాత్రం వాణ్ణి పక్కన బల్ల మీద కూర్చోబెట్టేవాళ్ళు. యాంకో చిన్నబుచ్చుకోలేదు.

"వీళ్ళింత బాగా పడగొడుతున్నారంటే నా ఒళ్ళు పెట్టిన భిక్షే!" అని ఛాతీ విరుచుకునేవాడు.

మూడో చలికాలంలో ఆఖరి ఆట రేవూరి జట్టుతో పడింది. గెలిస్తే తోడేళ్ళు ఉంటారు, ఓడితే పోటీల నుంచి వెళ్ళగొడతారు. పోటీల పెద్దలది ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మిట్టమధ్యాహ్నం చర్చి గంట ఆగేలోగా మైదానంలో దిగని జట్టు ఓడినట్టే.

ఆట రోజు పొద్దున పాలు పోసి వస్తున్న యాంకోకి దేవదారు అడవిలో ఆగిపోయిన రైలు కనబడింది. పట్టాలు మునిగిపోయాయి. మంచు నడుములోతు. పెట్టెలో రేవూరి ఆటగాళ్ళు వణుక్కుంటూ కూర్చున్నారు.

యాంకో బండి తోలుకుంటూ గని దొర దగ్గరికి పోయాడు.

"దొరగారూ, రేవూరివాళ్ళు అడవిలో ఇరుక్కున్నారు. తీసుకొస్తాను."

"నోరు మూసుకో. గంట కొట్టాక వెళ్దువుగాని."

"ఎదుటివాడు లేకుండా గెలుపేంటి దొరగారూ?" అన్నాడు యాంకో.

జట్టు నాయకుడు బ్రోనెక్ దగ్గరికి పోయాడు.

"ఒరే యాంకో, కాసేపు చూడనట్టు ఊరుకోరా. వచ్చే ఆటకి నిన్ను దింపుతాను. ఒట్టు."

యాంకోకి గుండె జల్లుమంది. మూడు చలికాలాలుగా ఆ మాట కోసమే బల్ల మీద కూర్చున్నాడు మరి. అయినా తల అడ్డంగా ఊపాడు.

"ఎదుటివాడు లేకుండా గెలుపేంటిరా?" అన్నాడు.

చివరికి ఇంటికి పోయాడు. పెళ్ళాం మరీచ్కా సంగతి విని నెత్తి కొట్టుకుంది.

"ఊరంతటితో పగ తెచ్చుకుంటావా? రేపు మన దగ్గర పాలెవరు పోయించుకుంటారయ్యా?"

"ఎదుటివాడు లేకుండా గెలుపేంటే?"

మరీచ్కా మూతి ముడిచింది. అయినా ఇంట్లో ఉన్న కంబళ్ళన్నీ తెచ్చి బండిలో పడేసింది.

యాంకో ఒక విడత మనుషుల్ని తెచ్చాడు. ఊళ్ళోవాళ్ళు వింతగా చూశారు. రెండో విడత తెచ్చాడు. ఈసారి తిట్టారు, మంచుగడ్డలు విసిరారు. మూడో విడతకి బయల్దేరుతుంటే బ్రోనెక్ అడ్డంగా వచ్చి కళ్ళెం పట్టుకున్నాడు.

"కదిలావో, పడగొడతా!"

యాంకో బండి దిగి ఎదురుగా నిలబడ్డాడు. "మూడేళ్ళుగా పడగొడుతూనే ఉన్నావుగా. ఇంకోసారి పడగొట్టు. లేచి మళ్ళీ వెళ్తాను."

యాంకో లేస్తాడని బ్రోనెక్‌కి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కళ్ళెం వదిలేశాడు.

చర్చి గంట మోగుతూ ఉండగానే రేవూరి ఆఖరి ఆటగాడు బండి మీంచి దూకి మైదానంలో కాలు పెట్టాడు.

ఇక ఆడారండీ! మంచు బురదైంది, బురద నెత్తురైంది. పడ్డారు, లేచారు, పడ్డారు, లేచారు. పొద్దు వాలేవేళకి రేవూరు ఒకే ఒక్క పాయింటు తేడాతో గెలిచింది. తోడేళ్ళ కథ అక్కడితో సరి. ఆ జట్టు చొక్కాలు గనిలోకి తొడుక్కుపోయే పాతగుడ్డలయ్యాయి.

ఊరు యాంకోతో మాట మానేసింది. పాలు పోయించుకోవడమూ మానేసింది. మరీచ్కా వెన్న తీస్తే, యాంకో దాన్ని పొరుగూళ్ళకి తీసుకుపోయి అమ్మాడు. ఎవరైనా ఎత్తిపొడిస్తే తల దించుకునేవాడు కాదు.

"ఓడితే ఓడాం. ఆడి ఓడాం కదా!" అనేవాడు.

ఏళ్ళు గడిచాయి. యాంకో ముసలివాడై ఒక చలికాలం కన్నుమూశాడు. శవపెట్టె మొయ్యడానికి ఊళ్ళో నలుగురు కూడా రాలేదు. ఇంతలో రైలొచ్చి ఆగింది. కబురు విని వచ్చిన నెత్తి నెరిసిన మనుషులు కోట్ల మీద బిగుతైన నీలం చొక్కాలు తొడుక్కుని దిగారు. రేవూరి జట్టు!

"మా యాంకో ఇల్లెక్కడ?" అని అడిగారు.

స్టేషన్ దగ్గర ముసలి బ్రోనెక్ చుట్ట కాలుస్తున్నాడు. చుట్ట కిందపడేశాడు.

"మీ యాంకో ఏంటి? మా యాంకో!" అన్నాడు.

"ఆనాడు మమ్మల్ని మోసుకొచ్చాడు. ఈనాడు మేం మోస్తాం," అన్నారు రేవూరివాళ్ళు.

"మొయ్యండి. కానీ ముందు వైపు నాది," అన్నాడు బ్రోనెక్.

శవపెట్టె వీధిలోకి వచ్చేసరికి ఒక్కో తలుపే తెరుచుకుంది. శ్మశానం చేరేసరికి ఊరంతా వెనకే ఉంది.

ఆ జట్టూ లేదు, ఆ పోటీలూ లేవు. ఇనుపకొండలో మాత్రం ఇప్పటికీ ఏ ఆటైనా సరే, ముందు ఊరివాళ్ళు పొలిమేరకి ఎదురువెళ్ళి అవతలి జట్టుని తీసుకొస్తారు. పెళ్ళిళ్ళలో చుట్టాలు రావడం ఆలస్యమైందనుకోండి, వంటవాడు గొణుగుతాడు, పిల్లలు ఆకలని గోల పెడతారు. అప్పుడు ఇంటి పెద్ద లేచి ఒకే మాట అంటాడు.

"యాంకో వెళ్ళాడు. తీసుకొచ్చేస్తాడు."

అంతే. ఆ చుట్టాలు గుమ్మంలోకి వచ్చేదాకా ఒక్కరూ కంచం ముట్టరు.