మడుగు మట్టి గంప

కొండ దిగువన తుమ్మచెట్ల మధ్య ప్రతి శుక్రవారం జంతువుల సంత జరిగేది. ఎలుగుబంటి తేనె తెచ్చేది. కోతి చింతకాయలు తెచ్చి, అమ్మేలోపు సగం తనే తినేసేది. సంత అంటే నాకు మొదటినుంచీ ఇష్టం. నేను కాలేజీలో చదివే రోజుల్లో మా హాస్టలు ఎదురుగా ఒక గొడుగుల కొట్టాయన ఉండేవాడు. ఏ గొడుగు చూపించినా "ఫారిన్ సరుకు బాబూ, చిరగదు" అనేవాడు. వానొస్తే తను మాత్రం గోనెసంచి కప్పుకుని ఇంటికి పరుగెత్తేవాడు. సరే, కోడి సంగతి చెప్పాలి కదా.

చుక్కల కోడికి ఆ వారం అర్జంటుగా ఒక గంప కావాలి. పొదగడానికి గుడ్లు సిద్ధంగా ఉన్నాయి, ఆకాశం నిండా మబ్బులున్నాయి. గంప లేకపోతే మొదటి వానకే నేల నాని గుడ్లన్నీ తడిసి పాడవుతాయి.

"కిందటిసారి ఏదో దూరదేశపు గంప కొన్నాను గేదెక్కా," అంది, పక్కన నడుస్తున్న గేదెతో. "పిల్లలు బయటికి రాకముందే అడుగు ఊడింది. బాగుచేయించుకుందామంటే అల్లినవాడు ఎక్కడున్నాడో ఎవరికి తెలుసు? ఈసారి మన అడవిలో అల్లిందే కొంటాను. పిలిస్తే పలికేవాడు అల్లిందై ఉండాలి."

"అయితే గిజిగాడి దగ్గరికి పద," అంది గేదె నెమరు వేస్తూ.

గిజిగాడు తన చోటులోనే కూర్చుని ఉన్నాడు. కానీ ముందు ఒక్క గంపా లేదు. పక్కన ఒక చిన్న మూట మాత్రం ఉంది.

"అల్లడం మానేశానక్కా," అన్నాడు. "ఎవరూ కొనడం లేదు. మిగిలినవన్నీ నక్క బావ జాలిపడి తీసుకెళ్ళాడు. గుహలో నేల చెమ్మగా ఉందట, కింద పరుచుకుంటాడట. నా పనితనం నక్క కాళ్ళ కిందికి తప్ప ఎందుకూ పనికిరాదని తెలిశాక ఇక్కడెందుకు? ఈ సాయంత్రమే కొండ దాటి వెళ్ళిపోతున్నాను."

"నువ్వెళ్ళిపోతే నా గుడ్ల గతేంటిరా తమ్ముడూ?"

"నక్క బావ కొట్లో మంచుదేశం గంపలున్నాయిట. అందరూ అక్కడే కొంటున్నారు." అలా అని గిజిగాడు తల తిప్పుకున్నాడు.

నక్క కొట్టు ముందు పెద్ద గుంపు ఉంది. నారింజ రంగులో మెరిసిపోతూ గంపలు వరసగా పేర్చి ఉన్నాయి.

"రండి, రండి! మంచుదేశం గంపలు! సముద్రాలు దాటి వచ్చిన గంపలు!" అని అరుస్తోంది నక్క.

"బావా, నీ చేతులేంటి అలా ఎర్రగా ఉన్నాయి?" అంది గేదె.

"గోరింటాకు! మొన్న సరదాపడి పెట్టుకున్నాను."

"మన అడవిలో అల్లినవేమీ లేవా బావా?" అని కోడి అడిగింది.

"ఛ ఛ, చుక్కమ్మ వదినా! నీలాంటి ఇల్లాలు నాటు గంపలో కూర్చుంటే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? దీంట్లో ఒకసారి కూర్చుని చూడు, లేవమన్నా లేవవు!"

కోడి గంపలోకి దిగింది. దిగిన కోడి ఊరుకుంటుందా? కాలితో అడుగంతా కెలికింది. మా ఆవిడ వంకాయలు ఇలాగే ఏరుతుంది. ఆమె వస్తుంటే కూరగాయలవాళ్ళు బుట్టకి చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. కోడి కెలికిన కెలుకుడికి గంప అడుగునుంచి ఒక తడిమట్టి ముద్ద ఊడొచ్చింది. ముద్దలోంచి ఒక వానపాము మెలికలు తిరుగుతూ బయటికొచ్చింది.

కోడి దాన్ని గుటుక్కున మింగేసింది. మింగాక ఆలోచించింది.

గూడు గాలికి ఊగకుండా లోపల తడిమట్టి ముద్ద అతికించడం గిజిగాళ్ళ అలవాటు. మన గిజిగాడు గంప అల్లినా సరే, అడుగున ఆ ముద్ద పెట్టందే వదలడు. పైగా ఆ వానపాము ఎంత తాజాగా ఉంది!

కోడి మట్టిముద్ద మీద కాలు పెట్టి, అందరికీ వినపడేలా తియ్యగా అడిగింది. "బావా, ఆ దేశం ఎలా ఉంటుందో కాస్త చెప్పవూ?"

నక్క ఛాతీ పొంగింది. "ఎటు చూసినా తెల్లటి మంచే వదినా!"

"మరి మట్టి?"

"చిటికెడు కూడా ఉండదు! అందుకే గంపలు అంత శుభ్రం."

"వానపాములైనా ఉంటాయా?"

"మట్టే లేని చోట వానపాములెక్కడివి?"

"అందరూ విన్నారుగా?" అంటూ కోడి కాలు తీసింది. "మరి ఈ ముద్ద ఎక్కడిది? ఇందులో వానపాము కూడా ఉంది!"

"ఏదీ వానపాము?" అంది నక్క.

కోడి ఇబ్బందిగా దిక్కులు చూసింది.

"సాక్షిని మింగేశావుటే పిల్లా!" అంది గేదె.

గుంపు పగలబడి నవ్వింది. నక్కకి ధైర్యం వచ్చింది. "దారిలో ఎక్కడో అంటుకున్న మట్టయి ఉంటుంది!"

గేదె వంగి ముద్దని వాసన చూసింది. "దారి మట్టి కాదిది. మన మడుగు బురద. రోజూ నేను పడుకునే పరుపు వాసన నాకు తెలీదూ?"

ఆ మాటకి కుందేళ్ళు, ఉడతలు తలా ఒక గంప బోర్లించాయి. ప్రతి గంపలోంచీ ఒక ముద్ద ఊడిపడింది. ముద్దల్లోంచి వానపాములు బయటికొచ్చాయి. ఈసారి సాక్షుల్ని తినకుండా కోడి గట్టిగా ముక్కు మూసుకుంది.

గేదె వెళ్ళి గిజిగాణ్ణి వెంటబెట్టుకొచ్చింది. వాడు ఒక గంప అంచు మీద వాలి, లోపలివైపు రంగు అంటని అల్లిక చూశాడు.

"బావా, ఇవి నేలమీద పరుచుకోడానికన్నావే!"

నక్క తన ఎర్రటి చేతులు వెనక్కి దాచుకుంది.

"దాస్తావేం బావా? గోరింటాకు బాగా పండింది!" అని కోతి అరిచింది.

ఆ పూటే గంపలన్నీ గిజిగాడి చోటుకి చేరాయి. నాటు గంపలని నిన్నటిదాకా ముక్కు విరిచినవాళ్ళే నాకంటే నాకని ఎగబడ్డారు. మొదటి గంప కోడికిచ్చాడు గిజిగాడు.

"అడుగు ఊడితే రా అక్కా, కుట్టిపెడతాను."

"కొండ దాటి రావాలా ఏంటిరా?"

గిజిగాడు నవ్వి మూట విప్పేశాడు.

అంతలో చినుకులు మొదలయ్యాయి. ఖాళీ కొట్లో తడుస్తూ నిలబడింది నక్క.

"ఇంకా ఇక్కడే ఉన్నావా బావా?" అంది గేదె. "గుహలో నేల చెమ్మగా ఉందన్నావుగా, వెళ్ళి తుడుచుకో!"

కొనేముందు ఎక్కడిదని అడగడం మంచిదే, అమ్మేవాడి మాటతో ఆగకుండా కాస్త కెలికి చూడటం ఇంకా మంచిది.